నిద్రపోని తీగ

"ఈ చలికాలానికి ఇది నాలుగో బ్యాటరీ, బురుల్చా," అన్నాడు దుయ్షోన్.
నార్యిన్‌లో ఆ పొద్దున సున్నాకి ఇరవై ఆరు కింద.
మాట నోరు దాటీ దాటకముందే
మీసాల మీద గడ్డకడుతోంది.

కొత్తది పెట్టిన ఎనిమిదో రోజు
తాళంచెవి తిప్పితే మళ్లీ అదే 'టక్',
అప్పులవాడు తలుపు మీద ఒక్కసారి తట్టి
ఊరుకున్నట్టు.
డబ్బు జీతంలోంచే కోత.
"బండి నడపడం రానివాడి దగ్గర బ్యాటరీ బతకదు"
అన్నాడట యజమాని మెదెర్.

నేనేమీ అనలేదు. ముందు టీ తాగమన్నాను.
ఇంకో బ్యాటరీ అమ్మడం ఎంతసేపు?
ఈ బజారు వైద్యమంతా అదే,
జ్వరం ఎందుకొచ్చిందో అడక్కుండా దుప్పటి మార్చడం.

నా బండి నుంచి వైర్లు కలిపి ఇంజను లేపాం.
ఆల్టర్నేటర్ ఇరవై ఎనిమిది వోల్టులు ఇస్తోంది, పైన కాస్త కొసరు కూడా.
పాపం, దాని తప్పేం లేదు.
ఆపేశాం.
నెగటివ్ కేబుల్ విప్పి, మధ్యన మీటరు పెట్టి
తలుపులు చప్పుడు కాకుండా మూశాం.
కమాజ్ నిద్రపోవాలి గదా,
అప్పుడే గదా తెలిసేది
ఎవరు మెలకువగా ఉన్నారో.

నలభై నిమిషాలు.
సున్నా పక్కన ఒదిగి పడుకోవాల్సిన అంకె
పాయింట్ నాలుగు దగ్గర కళ్లు తెరుచుకుని కూర్చుంది.

ఫ్యూజులు పీకుతూ పోయాను.
హారను, వైపర్లు, హీటరు, క్యాబిన్ లైటు,
ఎప్పుడో పాడైపోయిన రేడియోది కూడా.
అంకె కదిలితే ఒట్టు.
అంటే ఇది పెట్టెలో పేరు లేని మనిషి,
పన్ను కట్టని కాపురం.

ఆ తర్వాత చేశాను, అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని
(మా నాన్న బతికుంటే పానాతో కొట్టేవాడు):
రెండు బ్యాటరీలనీ విడివిడిగా కొలిచాను.
కుడిది పన్నెండు పాయింట్ ఏడు.
ఎడమది పది కూడా లేదు.
"ఇప్పటిదాకా మార్చినవి ఏ వైపువి?"
అతను చేతి తొడుగు తీసి, మళ్లీ వేసుకుని
"ఎడమవే" అన్నాడు.

ఒకే కాడికి రెండెడ్లు.
ఒకదాని మేత మాత్రం రాత్రిళ్లు ఎవరో తినిపోతున్నారు.
బండి ఆగితే
కొరడా దెబ్బ తోలేవాడి వీపు మీద.

ఎడమదాని ప్లస్ బోల్టు కింద దొరికింది,
బొగ్గు మసిలో మసిలాగే కలిసిపోయిన సన్నని తీగ.
వేలితో పట్టుకుని పాకాను.
ఛాసిస్ వెంబడి, గాలిగొట్టాలతో కలిపి టేపు చుట్టి,
క్యాబిన్ నేలలోని రంధ్రంలోంచి పైకి,
అతను పదకొండేళ్లుగా కూర్చుంటున్న సీటు వెనక్కి,
తోలు అట్ట కిందికి.
అగ్గిపెట్టెంత డబ్బా.
ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది, ఆరుతోంది.

లారీ ఎక్కడుందో మెదెర్ ఫోనుకి చెప్పే యంత్రం.
కారా-కెచె గని దగ్గర, లోయలో, సిగ్నల్ ఉండదు.
బొగ్గు వంతు కోసం లారీలు రోజుల తరబడి నిలబడే చోట
ఇది రాత్రంతా అరుస్తూనే ఉంటుంది
ఇక్కడున్నాడు, ఇక్కడున్నాడు అని,
వినేవాడు దొరికేదాకా.
ఆ అరుపుకి ఊపిరి ఎడమ బ్యాటరీది.
ఆ బ్యాటరీకి డబ్బు...

మిగతాది నేను అనలేదు.
దుయ్షోన్ నవ్వాడో దగ్గాడో తెలియలేదు.
కటింగ్ ప్లయరు నా చేతిలోనే ఉంది.
"కొయ్యకు," అన్నాడు. "కోస్తే మళ్లీ నాదే తప్పవుతుంది.
బరువు రెండింటి మీదా పడేట్టు చెయ్యి చాలు."

చేశాను. మధ్యలో చిన్న కన్వర్టరు,
దాని ముందు ఒక ఫ్యూజు.
పెట్టె మూత మీద పెన్నుతో దానికీ ఒక పేరు రాశాను: మెదెర్.

బిల్లు కూడా ఆ పేరు మీదే రాయమన్నాడు.
మూడు పాత బ్యాటరీలు, ఒక కొత్తది, ఒక పూట కూలి,
కారణం అన్న గడిలో నాలుగు వరుసలు.
మడిచి టోపీ లోపల పెట్టుకున్నాడు.

ఒక్క తిప్పుకే లేచింది కమాజ్.
గని వైపు మళ్లాల్సిన చోట
మళ్లలేదు, నేరుగా ఊళ్లోకి పోయింది.
సీటు వెనక ఆకుపచ్చ చుక్క
మలుపు మలుపుకీ ముందే చెబుతూనే ఉంటుంది యజమానికి,
అతను వస్తున్నాడని.